నోటీసు రాకముందు: గృహరుణం, తాకట్టు చట్టం, హైదరాబాదు గృహస్థు

అబిడ్స్ కూడలికీ నాంపల్లి రైల్వేస్టేషనుకూ మధ్య నడిచిపోగలిగినంత దూరంలోనే హైదరాబాదు నగరంలో ఇంటి అప్పుకు సంబంధించిన వ్యవస్థ చాలావరకు చేరి ఉంది. 1942లో లావాదేవీలు మొదలుపెట్టి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమయ్యేదాకా ఈ ప్రాంతపు జీతగాళ్లకూ వ్యాపారులకూ అండగా నిలిచిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయం గన్‌ఫౌండ్రీలో ఉండేది; ఇల్లు చేజారిపోతున్నదని అప్పుపడినవారు మొరపెట్టుకొనే రుణ వసూలు ట్రిబ్యునలు అబిడ్స్‌లోని త్రివేణి కాంప్లెక్సులో చాలా ఏళ్లు నడిచింది; ఆ ఇంటి స్వాధీనానికి బ్యాంకుకు తోడ్పడుతూ ఉత్తర్వులిచ్చే మేజిస్ట్రేటు అధికారం నాంపల్లి న్యాయస్థానాల నుంచి సాగుతూ వచ్చింది; బ్యాంకు సేవలో లోపం జరిగిందని ఫిర్యాదు చేసుకొనే జిల్లా వినియోగదారుల ఫోరాలు ఎం.జె. రోడ్డులోని చంద్రవిహార్‌లో కొలువుతీరాయి. ఇళ్లు కట్టి వాయిదాల మీద జనానికి ఇచ్చిన గృహనిర్మాణ మండలికి చెందిన గృహకల్ప సముదాయమూ నాంపల్లిలోనే ఉంది. అప్పు పుట్టే చోటు, వసూలయ్యే చోటు, వివాదం తేలే చోటు అన్నీ ఉన్న ఈ ప్రాంతంలో, మొదటి వాయిదా తప్పిన నెలలోనే గృహస్థు వెళ్లి కూర్చొని, తన రాబడీ ఖర్చుల లెక్క చూపించి, ఇక ఏం చెయ్యాలో అడిగి తెలుసుకొనే చోటు మాత్రం లేదు. ఇల్లు నిలబడటమో పోవటమో చాలావరకు ఆ తొలి నెలల్లోనే నిర్ణయమవుతుంది కాబట్టి ఈ లోటు చిన్నది కాదనీ, దాన్ని పూడ్చటం ప్రభుత్వం, బ్యాంకులు, న్యాయసేవా సంస్థలు కలిసి నెరవేర్చవలసిన బాధ్యత అనీ నిరూపించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నగరంలో సామాన్యుడి ఇంటి గురించి ప్రభుత్వం పట్టించుకోవటం కొత్తగా మొదలైనది కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలాది ఇళ్లను తుడిచిపెట్టిన తరవాత, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి సంస్థను (సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు) ఏర్పాటు చేసి, ఇరుకువాడలను తొలగించి, గాలీ వెలుతురూ ఉన్న చిన్న ఇళ్లను కట్టించి అద్దెకిచ్చే పని చేపట్టింది; నాంపల్లి ఆ తొలి ప్రయత్నాలు జరిగిన ప్రాంతాల్లో ఒకటి. ఆ సంస్థ బాధ్యతలు తరవాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలికి సంక్రమించగా, విజయనగర్ కాలనీ, కూకట్‌పల్లి వంటి చోట్ల మండలి కట్టిన ఇళ్లు అనేకం అద్దె-కొనుగోలు పద్ధతిలో జనానికి చేరాయి. ఈ పద్ధతిలో గృహస్థు నెలనెలా వాయిదా కడుతూ ఇంట్లో కాపురముంటాడు, ఆఖరి వాయిదా చెల్లేదాకా యాజమాన్యం మండలి పేరనే ఉంటుంది. చట్టం దృష్టిలో ఇది బలహీనమైన హక్కే అయినా, అప్పిచ్చినవాడూ ఇల్లు కట్టినవాడూ ఒకే ప్రభుత్వ సంస్థ కావటం వల్ల, బకాయి పడ్డ కుటుంబం తన గోడు వినిపించుకోవటానికి ఒక గుమ్మం ఉండేది. 1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988 జులైలో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు వచ్చిన తరవాత, 1990ల నుంచి వాణిజ్య బ్యాంకులు గృహరుణాలను విరివిగా ఇవ్వసాగిన తరవాత, ఇల్లు కొనటం మునుపటికన్నా ఎంతో సులువైంది. దాంతోపాటు బకాయిదారుకూ అప్పిచ్చినవారికీ మధ్య దూరం కూడా పెరిగింది. అప్పు మంజూరు చేసిన శాఖ ఒకటి, వసూలు విభాగం మరొకటి, ఫోన్లు చేసే ఏజెన్సీ ఇంకొకటి అయినప్పుడు, ఎవరితో మాట్లాడితే పని జరుగుతుందో చదువుకున్న ఉద్యోగికి కూడా అంతుపట్టదు.

తాకట్టు అనే ఏర్పాటు స్వరూపం ముందుగా తేటపడాలి. స్థిరాస్తిని అప్పుకు హామీగా ఉంచటాన్ని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ తనఖాగా నిర్వచించి, దానిలో ఆరు రకాలను గుర్తించింది. బ్యాంకులు గృహరుణానికి సాధారణంగా వాడేది హక్కు పత్రాల జమ ద్వారా ఏర్పడే తనఖా: ఇంటి రిజిస్ట్రేషను దస్తావేజునూ దాని వెనకటి లింకు డాక్యుమెంట్లనూ బ్యాంకు దగ్గర ఉంచితే చాలు, తాకట్టు ఏర్పడుతుంది; ఆ జమను తెలిపే పత్రాన్ని రిజిస్టరు చేయిస్తే అది ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న భారాలను చూపే ధ్రువపత్రంలో, కనిపిస్తుంది. ఇదే చట్టం 60వ సెక్షన్ ఇచ్చిన విమోచన హక్కు గృహస్థుకు అసలైన రక్ష: బాకీ మొత్తం చెల్లించి తన ఆస్తిని విడిపించుకొనే హక్కు యజమానికి ఉంటుంది, దాన్ని ముందుగానే వదులుకొనేట్టు ఒప్పందంలో రాయించుకున్నా ఆ రాత చెల్లదు. తాకట్టు పెట్టినంత మాత్రాన ఇల్లు అప్పిచ్చినవాడిది అయిపోదన్న ఈ సూత్రం వందేళ్లకు పైగా ఈ దేశంలో రుణగ్రహీతను కాపాడింది, ఎందుకంటే తాకట్టును అమలు చేయించుకోవాలంటే అప్పిచ్చినవారు సివిల్ కోర్టులో దావా వేసి, ప్రాథమిక డిక్రీ, తుది డిక్రీ అనే మెట్లు ఎక్కవలసి వచ్చేది. ఆ ఆలస్యంలో మోసగాళ్లు లాభపడిన మాట నిజమే, నిజాయితీగా కష్టంలో పడ్డ కుటుంబాలు ఊపిరి పీల్చుకున్న మాట కూడా అంతే నిజం.

ఆ పరిస్థితిని మార్చిన సంస్కరణలకు మూలపురుషుడు తెలుగువాడు కావటం ఇక్కడ గుర్తు చేసుకోదగిన సంగతి. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు మైదవోలు నరసింహం, 2021 ఏప్రిల్ 20న హైదరాబాదులోనే కన్నుమూసిన ఆ పెద్దమనిషి, 1991లోనూ 1998లోనూ అధ్యక్షత వహించిన రెండు సంఘాల సిఫారసుల నుంచే బ్యాంకుల మొండి బకాయిల వసూలుకు ప్రత్యేక యంత్రాంగం రూపుదిద్దుకున్నది. 1993 నాటి చట్టంతో రుణ వసూలు ట్రిబ్యునళ్లు వచ్చాయి. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకొని వేలం వేసే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చింది. బ్యాంకుల్లో ఉన్నది డిపాజిటుదారుల సొమ్ము కాబట్టి దాన్ని ఎగవేసే పెద్ద రుణగ్రహీతలను కట్టడి చెయ్యటం అవసరమన్న ఆ సంఘాల ఆలోచనలో తప్పు పట్టటానికి లేదు. ఫ్యాక్టరీ తాకట్టుకూ కాపురముంటున్న ఇంటి తాకట్టుకూ తేడా చూపకుండా ఒకే కొలతతో ఆ అధికారాన్ని వర్తింపజేయటంలో లోపం ఉంది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదని 31వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రైతు నివాసగృహాన్ని సాధారణ జప్తు నుంచి మినహాయిస్తుంది. పట్నంలో రెండు గదుల ఫ్లాటు తప్ప మరేమీ లేని గుమాస్తాకు మాత్రం అటువంటి మినహాయింపు దొరకదు. లక్ష రూపాయలకు మించని అప్పుకూ, అసలు వడ్డీలు కలిపి చూస్తే 20 శాతం కన్నా తక్కువ మిగిలిన బాకీకీ ఈ చట్టాన్ని ప్రయోగించరాదన్న నిబంధన ఒక్కటే అతడికి ఎంతో కొంత ఊరట.

బకాయి ఎలా మొదలవుతుందో లెక్కతో చూస్తే విషయం బోధపడుతుంది. కొవిడ్ కాలంలో రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతానికి దిగినప్పుడు ఒక కుటుంబం 6.5 శాతం చరవడ్డీకి 20 ఏళ్ల గడువుతో 30 లక్షల రూపాయలు తీసుకున్నదనుకుంటే, నెలసరి వాయిదా (ఈఎంఐ) 22,367 రూపాయలవుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి చేరింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త చరవడ్డీ గృహరుణాలను రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టవలసి ఉండటం వల్ల ఆ పెంపు దాదాపు మొత్తంగా రుణగ్రహీత మీదికి వచ్చిపడింది. 9 శాతం వడ్డీతో 30 లక్షల మీద ఒక్క నెల వడ్డీయే 22,500 రూపాయలు. అంటే పాత వాయిదానే కడుతూపోతే అసలులో ఒక్క రూపాయి తరగకపోగా, నెలనెలా 133 రూపాయలు బాకీలో కలుస్తాయి. 20 ఏళ్లలోనే తీర్చాలంటే వాయిదా 26,992 రూపాయలకు పెరగాలి. నెలకు నాలుగున్నర వేల రూపాయల పెంపు, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు కడుతున్న జీతగాడి ఇంట్లో, ఒక్క ఆస్పత్రి ఖర్చు తోడైతే చాలు, బకాయిగా మారుతుంది. ఈ పరిస్థితిని గమనించే రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశంలో, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో, గడువు పొడిగించుకోవాలో, రెండూ కొంతకొంత చేసుకోవాలో ఎంచుకొనే అవకాశాన్నీ, బ్యాంకు విధానాన్ని అనుసరించి స్థిరవడ్డీకి మారే వీలునూ రుణగ్రహీతకు ఇవ్వాలని బ్యాంకులను నిర్దేశించింది. అదే రోజు ఇచ్చిన మరో ఆదేశం, ఆలస్యమైనందుకు వేసే జరిమానాను వడ్డీలో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ లెక్కగట్టే పద్ధతిని మాన్పించింది. ఇవి మేలైన నియమాలు. అయితే ఎంచుకొనే హక్కు ఉన్నదని తెలియనివారికి ఆ హక్కు కాగితం మీదనే మిగులుతుంది. గడువు నిశ్శబ్దంగా పొడిగిపోయి, పదవీవిరమణ తరవాత కూడా వాయిదాలు మిగిలి ఉన్నాయని చాలా ఆలస్యంగా తెలుసుకొనే పరిస్థితి వస్తుంది.

వాయిదా తప్పిన రోజు నుంచి బ్యాంకు పుస్తకాల్లో ఒక గడియారం నడుస్తుంది. మొదటి 30 రోజులు, తరవాతి 30, ఆపై 30 రోజులు ఖాతాను ప్రత్యేక పరిశీలనలో ఉంచే మూడు దశలు. 90 రోజులు దాటితే అది నిరర్థక ఆస్తి (ఎన్‌పీఏ), అంటే బ్యాంకుకు రాబడి ఇవ్వని అప్పుగా ముద్ర పడుతుంది. ఈ ముద్ర పడకముందే గడువు పొడిగించి, వాయిదా తగ్గించి, ఖాతాను నిలబెట్టటమే అందరికీ మేలు. ఇక్కడే వ్యవస్థలోని అసలు చిక్కు ఎదురవుతుంది: రిజర్వు బ్యాంకు సాధారణ నిబంధనల ప్రకారం, ఆర్థిక ఇబ్బందిలో పడ్డ రుణగ్రహీతకు సడలింపు ఇచ్చి అప్పును పునర్వ్యవస్థీకరిస్తే, అప్పటిదాకా సక్రమంగా ఉన్న ఖాతాను కూడా వెంటనే నిరర్థక ఆస్తిగా దించి చూపవలసి ఉంటుంది. శాఖాధికారికి దయ ఉన్నా చెయ్యి ముందుకు రాకపోవటానికి ఇదే కారణం. ఈ నియమం సడలించరానిదేమీ కాదని కొవిడ్ కాలమే రుజువు చేసింది. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా వాయిదాలకు విరామం (మారటోరియం) ఇచ్చారు. 2020 ఆగస్టు 6న, మళ్లీ 2021 మే 5న ప్రకటించిన పరిష్కార చట్రాల కింద, ఖాతా ముద్ర మారకుండానే గృహరుణాల గడువును రెండేళ్ల దాకా పొడిగించే వీలు కల్పించారు. విరామ కాలంలో వడ్డీ మీద వడ్డీ వేయరాదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతటికీ ఒకేసారి వచ్చిన ఆపదకు ఇంత వెసులుబాటు ఇవ్వగలిగిన వ్యవస్థ, ఒక్క ఇంటికి వచ్చిన ఆపదకు, సంపాదించే మనిషి మరణానికో, కంపెనీ మూతకో, పక్షవాతానికో, అదే వెసులుబాటు ఇవ్వకపోవటానికి న్యాయమైన కారణం కనిపించదు. కుటుంబానికి ఆ ఆపద వరద కన్నా తక్కువది కాదు.

తొంభై రోజులు దాటాక చట్టం తన పని మొదలుపెడుతుంది. సర్ఫేసీ 13వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం కింద బ్యాంకు ఇచ్చే డిమాండు నోటీసు, 60 రోజుల్లోగా మొత్తం బాకీ చెల్లించమని కోరుతుంది. ఈ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా యజమాని ఆ ఇంటిని అమ్ముకోరాదు. అంటే స్వేచ్ఛగా కొనుగోలుదారును వెతుక్కొని మంచి ధరకు అమ్మి అప్పు తీర్చి, మిగిలిన సొమ్ముతో చిన్న ఇంటికి మారే దారి అప్పటినుంచి ఇరుకైపోతుంది. నోటీసుకు రుణగ్రహీత అభ్యంతరం రాసిస్తే, బ్యాంకు 15 రోజుల్లోగా కారణాలతో జవాబివ్వాలి. ఆ జవాబు మీద మాత్రం ట్రిబ్యునలుకు వెళ్లే హక్కు లేదు. 60 రోజులు గడిచాక స్వాధీన ప్రకటన వస్తుంది: ఇంటి తలుపుకు అంటిస్తారు, ఏడు రోజుల్లోగా రెండు దినపత్రికల్లో ప్రచురిస్తారు, వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. తెలుగు దినపత్రికల్లో చిన్న అక్షరాలతో నిండే ఆ పేజీలో కుటుంబం పేరు, ఇంటి నంబరు, హద్దులు అన్నీ అచ్చవుతాయి. అప్పటిదాకా చుట్టాలకు చెప్పుకోలేకపోయిన కుటుంబం ఆ రోజున వీధిలో పడుతుంది. సిగ్గు వల్ల తొలి నెలల్లో ఎవరినీ సాయమడగకపోవటమే ఇల్లు పోవటానికి ముఖ్య కారణాల్లో ఒకటి. చివరికి ఆ సిగ్గును పత్రికాముఖంగా బద్దలు కొట్టటం చట్టంలో ఒక మెట్టుగా ఉండటం బాధాకరం.

ఇంట్లోవారు ఖాళీ చెయ్యకపోతే బ్యాంకు 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయిస్తుంది. హైదరాబాదు నగరానికి ఆ అధికారిగా నాంపల్లిలోని చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు వ్యవహరిస్తూ వచ్చారు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు అన్న విభజనను తీసివేసినా, ఈ అధికారం చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు కూడా ఉంటుందని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పి ఉన్నది. బ్యాంకు తొమ్మిది అంశాలతో ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలి. మేజిస్ట్రేటు 30 రోజుల్లో, కారణాలు రాస్తే మొత్తం 60 రోజుల్లో, ఉత్తర్వు ఇవ్వాలి. తరవాత న్యాయవాది కమిషనరు పోలీసు సాయంతో వచ్చి తాళం వేస్తారు. ఈ దశలో మేజిస్ట్రేటు చేసేది పత్రాలు సరిచూసి సహకరించటమే తప్ప వివాదాన్ని విచారించటం కాదని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. క్రిమినల్ కోర్టులుగా జనం ఎరిగిన ఆ ఆవరణ నుంచి వచ్చిన ఉత్తర్వును చూసి తాము నేరం చేశామేమోనని కుటుంబాలు హడలిపోవటం సహజం. ఇంటి అప్పు కట్టలేకపోవటం నేరం కాదు. ఈ ఒక్క మాటను తెలుగులో, ఉర్దూలో ముద్రించి ప్రతి నోటీసుకూ జత చెయ్యాలని ఆదేశించటానికి పెద్ద చట్టసవరణ కూడా అవసరం లేదు.

గృహస్థు తన మాట వినిపించుకోగల చోటు రుణ వసూలు ట్రిబ్యునలే. బ్యాంకు స్వాధీన చర్య తీసుకున్న 45 రోజుల్లోగా 17వ సెక్షన్ కింద అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. సివిల్ కోర్టుకు ఈ విషయాల్లో ప్రవేశం లేదు. మొదట్లో బాకీలో 75 శాతం ముందుగా జమ చేస్తేనే దరఖాస్తు తీసుకోవాలన్న నిబంధన ఉండేది. దాన్ని 2004 ఏప్రిల్ 8న మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేయకపోతే, కట్టలేనివాడు కట్టలేనని చెప్పుకోవటానికే ముక్కాలు భాగం కట్టవలసి వచ్చేది. ఇప్పటికీ అప్పీలుకు సగం సొమ్ము జమ చెయ్యాలి, అప్పీలు ట్రిబ్యునలు తగ్గిస్తే కనీసం నాలుగోవంతు. పైగా హైదరాబాదు ట్రిబ్యునలు తీర్పు మీద అప్పీలు విచారించే సంస్థ కోల్‌కతాలో ఉన్నది. నాంపల్లి స్టేషను నుంచి కోల్‌కతాకు పోయి న్యాయవాదిని పెట్టుకొని వాదించగల స్తోమత ఉన్నవాడు వాయిదా దగ్గరే ఆగి ఉండడు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ కలిపి హైదరాబాదులో ఒక అప్పీలు ధర్మాసనం ఉండాలన్నది న్యాయమైన కోరిక, దాన్ని గట్టిగా వినిపించవలసిన వారు న్యాయవాద సంఘాలవారు.

విమోచన హక్కుకు పట్టిన గతి ఇంతకన్నా బాధ కలిగిస్తుంది. 2016 సవరణకు ముందు, అమ్మకం పూర్తయ్యేదాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చునని సుప్రీంకోర్టు 2014లో మాథ్యూ వర్ఘీస్ కేసులో చెప్పింది. 2016లో 13వ సెక్షన్ ఎనిమిదో ఉపవిభాగాన్ని మార్చారు. 2023 సెప్టెంబరు 21న బాఫ్నా మోటార్స్ కేసులో, వేలం ప్రకటన ప్రచురితమైన నాటితోనే ఆ హక్కు ముగుస్తుందని తీర్పు వచ్చింది. వేలంలో కొన్నవారికి భద్రత కావాలన్న వాదన అర్థం చేసుకోదగినదే. కానీ వేలం ప్రకటన చూసి కదిలివచ్చి, నగలమ్మి, ఊళ్లో పొలమమ్మి డబ్బు తెచ్చిన అన్నదమ్ములకు ఆ సొమ్మును బ్యాంకు తీసుకోవలసిన బాధ్యత లేదనటం, 1882 నాటి శాసనకర్తలు ఇచ్చిన రక్షణను కుదించటమే. వేలానికి కనీసం ఒకరోజు ముందుదాకా విమోచన హక్కును పునరుద్ధరించటం పార్లమెంటు చెయ్యదగిన పని. ఇల్లు అమ్ముడుపోయాక బాకీ, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము యజమానికే చెందుతుందన్న నిబంధన, కనీస ధరను గుర్తింపు పొందిన విలువ నిర్ణేత లెక్కతో నిర్ణయించాలన్న నిబంధన, ఆ ధరకన్నా తక్కువకు అమ్మాలంటే రుణగ్రహీత కూడా ఒప్పుకోవాలన్న నిబంధన, ఈ మూడింటినీ అడిగి సాధించుకొనేవారు బహు తక్కువ.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతంలో ఇంకొక రకం తాకట్టు ఉంది. చిరాగ్ అలీ లేన్‌లోనో జగదీశ్ మార్కెట్‌లోనో చిన్న దుకాణం నడిపేవారు సరుకు కోసం ఇంటి మీద మార్ట్‌గేజ్ లోను తీసుకుంటారు. వ్యాపారం దెబ్బతింటే పోయేది దుకాణం కాదు, ఇల్లు. బావమరిది వ్యాపారానికి ఇంటి పత్రాలిచ్చి హామీదారుగా సంతకం చేసినవారి స్థితి మరీ దయనీయం, ఎందుకంటే కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం, బ్యాంకు ముందుగా అప్పుదారును వెంటాడవలసిన అవసరం లేదు. అంతకన్నా ప్రమాదకరమైనది ప్రైవేటు ఫైనాన్సు. తాతల నాటి ఇళ్లలో వాటాలు తేలక, వారసత్వ పత్రాలు లేక, కొన్నిచోట్ల వక్ఫు వివాదాల వల్ల బ్యాంకు అప్పు దొరకని కుటుంబాలు నూటికి మూడు, నాలుగు రూపాయల నెలవడ్డీకి ప్రైవేటు వ్యక్తుల దగ్గరకు వెళతాయి. అక్కడ తాకట్టు పత్రం బదులు అమ్మకం అగ్రిమెంటుతో కూడిన జీపీఏనో, ఏకంగా విక్రయ దస్తావేజునో రిజిస్టరు చేయించుకొని, అప్పు తీరగానే తిరిగి రాసిస్తామని నోటిమాట ఇస్తారు. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌కు 1929లో చేర్చిన నిబంధన ప్రకారం, తిరిగి రాసిస్తానన్న షరతు అదే పత్రంలో లేకపోతే దాన్ని షరతు విక్రయపు తాకట్టుగా గుర్తించరు. ఆ కుటుంబం చట్టం దృష్టిలో అప్పుపడినది కాదు, ఇల్లు అమ్ముకున్నది. బ్యాంకు తాకట్టులో ఉన్న నోటీసులూ గడువులూ కనీస ధరా ఇక్కడ ఏవీ లేవు. 1349 ఫస్లీ నాటి తెలంగాణ ప్రాంత వడ్డీవ్యాపారుల చట్టం లైసెన్సు లేకుండా వడ్డీవ్యాపారం చెయ్యరాదంటుంది. దాన్ని నిద్రలేపవలసిన అవసరం ఇప్పటికీ ఉంది.

ఇతర దేశాల అనుభవం ఈ విషయంలో కొంత దారి చూపుతుంది. మహామాంద్యం రోజుల్లో 1933లో అమెరికా నెలకొల్పిన గృహయజమానుల రుణ సంస్థ, బకాయిపడ్డ దాదాపు 10 లక్షల ఇళ్ల తాకట్టు అప్పులను మూడేళ్లలో తన మీదికి తీసుకొని, దీర్ఘగడువుతో కొత్త అప్పులుగా మార్చింది. ఆ ఇళ్లలోనూ కొన్ని చివరికి వేలానికి పోయాయి, నల్లజాతివారి వాడలను ప్రమాదకరమైనవిగా గుర్తించిన దాని పటాలు అపకీర్తి కూడా తెచ్చాయి, అయినా లక్షల కుటుంబాలు ఇంటిని నిలబెట్టుకున్నాయి. 2008 సంక్షోభం తరవాత అక్కడ తెచ్చిన సవరణ పథకం నెలసరి వాయిదాను కుటుంబ స్థూల ఆదాయంలో 31 శాతానికి తగ్గించటాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది. ఈ విషయం ఇప్పుడు తెలుగువారికి దూరమైనది కాదు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాల్లో హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో ఉద్యోగం వెతుక్కోవాలి. టెక్సస్‌లో కోర్టుతో పని లేకుండానే ప్రతి నెలా మొదటి మంగళవారం ఇళ్ల వేలం జరుగుతుంది, నోటీసు గడువులు భారతదేశంలోకన్నా చిన్నవి. అటువంటి కఠినమైన చోట కూడా రెండు రక్షణలు ఉన్నాయి: సాధారణంగా బకాయి 120 రోజులు దాటేదాకా వేలం ప్రక్రియ మొదలుపెట్టరాదన్న కేంద్ర నిబంధన ఒకటి, ప్రభుత్వ గుర్తింపు పొంది ఉచితంగా పనిచేసే గృహ సలహాదారులు రెండోది. ఆ సలహాదారు కుటుంబపు లెక్కలు రాసి, దరఖాస్తు నింపి, అప్పిచ్చిన సంస్థతో మాట్లాడతాడు. హైదరాబాదులో లేనిది సరిగ్గా ఆ మనిషే.

భారతదేశంలో ఈ ఆలోచన రానే లేదని చెప్పలేము. బ్యాంక్ ఆఫ్ ఇండియా 2006లో ముంబయిలో ‘అభయ్’ పేరుతో రుణ సలహా కేంద్రాన్ని తెరిచింది. రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరిలో ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాలకు ఒక నమూనా పథకాన్నే విడుదల చేసింది. తరవాత ఆ కేంద్రాలు ఖాతాలు తెరిపించటం, పొదుపు నేర్పటం వైపు మళ్లి, అప్పులో చిక్కుకున్నవారికి సలహా అన్న రెండో సగం వెనకబడిపోయింది. కొత్తగా ఇల్లు కొనేవారికి ప్రభుత్వ సాయం కొనసాగుతూనే ఉంది: 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో విడతలో, అర్హులైన కుటుంబాలకు 25 లక్షల దాకా ఉన్న రుణంలో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయలు, ఐదు వార్షిక వాయిదాల్లో లభిస్తుంది. ఇల్లు కొనటానికి ఇంత ఖర్చు పెట్టే ప్రభుత్వం, కొన్న ఇంటిని నిలబెట్టుకోవటానికి అందులో చిన్న భాగమైనా కేటాయించటం సబబు.

దీనికి కొత్త భవనమూ కొత్త చట్టమూ అక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. గృహరుణాల్లో భార్యను సహరుణగ్రహీతగా చేర్చటం ఆనవాయితీ కాబట్టి చాలా కుటుంబాలకు ఈ తలుపు ఇప్పటికే తెరిచి ఉంది. దావా వెయ్యకముందే బ్యాంకు బకాయిలను లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒకేసారి చెల్లింపు ఒప్పందాన్ని (ఓటీఎస్) హక్కుగా అడగలేమని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినందువల్ల, బ్యాంకుతో ఒప్పించి మాట్లాడగల మధ్యవర్తి అవసరం మరింత పెరిగింది. నాంపల్లి న్యాయస్థానాల ఆవరణలో ఒక గదిని న్యాయసేవల సంస్థ కేటాయించి, పదవీవిరమణ చేసిన బ్యాంకు అధికారులను, యువ న్యాయవాదులను అక్కడ కూర్చోబెట్టి, బ్యాంకులు ప్రతి డిమాండు నోటీసుకు ముందు ఆ గది చిరునామాను తెలుగులో, ఉర్దూలో రుణగ్రహీతకు పంపేట్టు రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి తీర్మానం చేస్తే చాలు.

ఆ గది తెరుచుకొనేలోగా, ఇంటి అప్పు ఉన్న ప్రతి పాఠకుడూ చెయ్యగలిగినది ఒకటున్నది. వాయిదా తప్పేట్టుందని తెలిసిన నెలలోనే, తొంభై రోజులు గడవనివ్వకుండా, కష్టానికి కారణం, ఇప్పుడు కట్టగలిగిన మొత్తం, కోరుతున్న గడువు రాసి బ్యాంకు శాఖలో దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్రా తేదీ వేయించుకోవాలి; 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చెయ్యాలి; డిమాండు నోటీసు అందితే ఆ తేదీని ఇంట్లో అందరికీ చెప్పి, అరవై రోజుల్లో మొదటి వారంలోనే న్యాయసేవల సంస్థ గడప తొక్కాలి.